సమజ్ కాలె అనే ఆపా

మొన్న నల్లగొండ బస్టాండులో నర్సింహ కనిపించాడు. ఒకప్పుడు మా ప్రెస్సులో ట్రెడిల్ మిషన్ మీద బిల్లు బుక్కులు, పెళ్ళి పత్రికలు అచ్చు వేసేవాడు. అదే ప్రెస్సులో నేను కంప్యూటర్ ముందు కూర్చుని తెలుగు కంపోజింగ్ చేసేదాన్ని. అతని జుట్టంతా నెరిసిపోయినా నడక మాత్రం అదే. పిల్లల సంగతులు, మోకాళ్ళ సంగతులు అయ్యాక, "ఆపా పోయింది, ఎర్కేనా?" అన్నాడు.

ఏ ఆపా అని అడగాల్సిన పని లేకపోయింది. ఉర్దూలో అక్కను ఆపా అంటారు, మా ఇద్దరికీ తెలిసిన ఆపా ఒక్కతే. ఎప్పుడని అడిగాను. నెల దాటిందన్నాడు. ఏమైందన్నాను. తెలియదన్నాడు. ఇంతలో నా హుజూర్‌నగర్ బస్సు వచ్చింది.

బస్సెక్కి కూర్చున్నాక అయోమయంగా అనిపించింది. వెళ్ళి పలకరిద్దామంటే ఆమె ఇల్లు ఏ గల్లీలోనో నాకు తెలియదు. పెళ్ళయిందో లేదో తెలియదు. అన్న దగ్గర ఉంటుందని ఒకరు, ఒంటరిగా కిరాయికి ఉంటుందని ఇంకొకరు అనేవారు. పేరు ఒకసారి విన్నాను గాని, అది ఆమెదో వాళ్ళ అక్కదో ఇప్పుడు గట్టిగా చెప్పలేను. ఇంత తెలియని మనిషి కోసం నా కళ్ళలో నీళ్ళెందుకు తిరుగుతున్నాయో అది కూడా అర్థం కాలేదు.

ఆ రోజుల్లో నల్లగొండలో కంప్యూటర్లు బాగుచేసేవాళ్ళే తక్కువ. అందులో ఆడమనిషి ఈమె ఒక్కతే. ఊరి నడుమ గడియారం స్తంభం దగ్గర ఒక రేడియో షాపు ఉండేది. అక్కడ కబురు చెప్పి వస్తే మర్నాడో ఎల్లుండో వచ్చేది. వచ్చి బురఖా విప్పి తలుపు వెనక మేకుకు తగిలించి, కమీజు చేతులు మోచేతుల దాకా మడిచేది. స్క్రూడ్రైవర్లన్నీ కళ్ళజోడు డబ్బాలో ఉండేవి. కళ్ళజోడు మాత్రం ఎప్పుడూ నెత్తి మీద పెట్టుకుని, ఏదని వెతుక్కునేది.

కంప్యూటర్ డబ్బా మూత తీయకముందు కిటికీ ఊచను ఒకసారి ముట్టుకునేది. ప్రతిసారీ అంతే. నర్సింహ అది చూసి, కిటికీకి సలాం చేస్తున్నదనుకున్నాడు. నేను కూడా ఏదో మొక్కు అనుకున్నాను. చాలా రోజుల తర్వాత నేనే ధైర్యం చేసి అడిగితే, మన ఒంట్లో కూడా సన్నగా కరెంటు ఉంటుందని, ఇనుము ముట్టుకుంటే అది దిగిపోతుందని, దిగకుండా ముట్టుకుంటే లోపలి చిప్పులు పాడవుతాయని చెప్పింది. ఆ మర్నాటి నుంచి నర్సింహ కూడా ట్రెడిల్ మొదలుపెట్టే ముందు కిటికీ ఊచను ముట్టుకునేవాడు. నీకెందుకయ్యా అంటే నవ్వేవాడు.

వీటన్నిటికంటే ముందు గుర్తొచ్చేది ఆమె మాట. మూత తీసి, లోపల చూసి, టీ తాగి, మళ్ళీ చూసి, మా వైపు తిరిగి మామూలుగా అనేది.

"నాకు సమజ్ కాలె. మీకేమన్న అయిందా?"

మొదటిసారి విన్నప్పుడు నేను బిత్తరపోయాను. బాగుచేయడానికి వచ్చిన మనిషి అర్థం కాలేదంటే, రోజూ దాని ముందు కూర్చునే నా గతేమిటి? మా ప్రెస్సు యజమానిని అందరం సేటు అని పిలిచేవాళ్ళం. ఆయనకు ఆ మాట వింటే ఒళ్ళు మండేది. అర్థం కాకపోతే కాలేదనుకో, కానీ పైకి చెప్పకమ్మా, నాకు గుండెల్లో దడ వస్తుంది అనేవాడు. ఆమె సరేననేది. కాసేపాగి మళ్ళీ అదే మాట.

అది రెండు వేల సంవత్సరం రాబోయే ముందటి కాలం. తారీఖు మారగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని ఊరంతా ఒకటే చర్చ. మా సేటు మరీ భయపడ్డాడు. ఎందుకంటే ఆ సీజన్లో మా ప్రెస్సుకు కొత్త సంవత్సరం క్యాలెండర్ల పని పెద్దది. రామన్నపేట నుంచి మక్తల్ దాకా ఎన్నో బట్టల షాపులవాళ్ళు, ఎరువుల దుకాణాలవాళ్ళు తమ పేర్లతో క్యాలెండర్లు వేయించుకునేవారు. తిథులు, పండుగలు అన్నీ నేనే కంపోజ్ చేయాలి. మాకున్నది ఒక్కటే కంప్యూటర్, అది కూడా సెకండ్ హ్యాండ్. దాని లోపల ఒక తెలుగు కార్డు ఉండేది. స్క్రీన్ మీద తెలుగు అక్షరాలు కనబడాలంటే ఆ కార్డు ఉండాలి. అది లేకపోతే చుక్కలూ గీతలూ తప్ప ఏమీ రావు.

హైదరాబాద్ నుంచి ఒక సేల్స్‌మన్ వచ్చేవాడు. ఈ డబ్బా కొత్త సంవత్సరం చూడదు సార్, పక్కా, అని చెప్పి కొత్తది కొనమనేవాడు. సేటు ఎటూ తేల్చుకోలేక ఆపాకు కబురు పెట్టించాడు.

ఆమె వచ్చి కంప్యూటర్లో తారీఖును తొంభైతొమ్మిది డిసెంబరు ఆఖరి రోజుకు మార్చి, గడియారాన్ని పన్నెండుకు కాస్త ముందు పెట్టి, చేతులు కట్టుకుని కూర్చుంది. మేమూ ఆమె వెనక నిలబడ్డాం. పన్నెండు దాటింది. స్క్రీన్ మీద పంతొమ్మిది వందల ఎనభై వచ్చింది. రెండు వేల సంవత్సరం రావాల్సిన చోట, నేను పలక పట్టుకుని బడికి పోయిన సంవత్సరం వచ్చి కూర్చుంది. ఎనభైయే ఎందుకు అని సేటు అడిగాడు. ఆమె ఏమందో చెప్పనక్కర్లేదు.

స్విచ్చి వేయగానే అన్నిటికంటే ముందు మేలుకునే చిప్పు ఒకటి లోపల ఉంటుందని, దాన్ని బయోస్ అంటారని, తారీఖు సంగతి దాని చేతిలోనే ఉందని ఆమె చెప్పింది. దాని లోపలి రాతను మార్చి కొత్తది ఎక్కించవచ్చు. కానీ ఆ కొత్త రాత సరిగ్గా చిప్పులన్నీ ఉండే ఈ లోపలి బోర్డుకు సరిపోయేదే కావాలి. వేరే బోర్డుది ఎక్కించినా, ఎక్కుతుండగా కరెంటు పోయినా, కంప్యూటర్ మళ్ళీ లేవదు.

బోర్డు నంబరు తెలుగు కార్డు కింద అచ్చయి ఉంది. అది కనబడాలని ఆమె కార్డును ఊడదీసి, నంబరును ఎడమ అరచేతి మీద పెన్నుతో రాసుకుని, కార్డును మళ్ళీ దాని జాగాలో పెట్టింది. తాను వచ్చేదాకా కంప్యూటర్ వేయొద్దని చెప్పి, ఆ చేత్తోనే హైదరాబాద్ వెళ్ళింది. మూడో నాటికి ఒక ఫ్లాపీతో తిరిగొచ్చింది. అందులో రెండు రకాల రాతలున్నాయి. కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు స్క్రీన్ అడుగున కనబడే నంబరుకు ఒకటి సరిపోతుంది. బోర్డు మీద అచ్చయిన నంబరుకు రెండోది సరిపోతుంది. అక్కడ ఇద్దరినడిగితే ఇద్దరూ రెండు రకాలుగా చెప్పారట.

"ఏది ఎక్కియ్యాల్నో సమజ్ కాలె సేటు" అంది.

సేటు తల పట్టుకున్నాడు. ఆమె ఆ రోజంతా ఆ రెండు నంబర్లనూ చూస్తూ కూర్చుంది. సాయంత్రానికి, స్క్రీన్ మీద వచ్చేది ఇదివరకు ఎవరైనా మార్చి ఉండొచ్చు, బోర్డు మీద అచ్చయింది మార్చలేరు, కాబట్టి దాన్నే నమ్ముదామంది. ఇది తప్పయితే అని సేటు అడిగితే, తప్పు కావచ్చు కూడా అంది. పాత రాతను మాత్రం ముందే ఇంకో ఫ్లాపీలోకి తీసి దాచింది.

మర్నాడు పొద్దున ఆమె కరెంటు ఆఫీసుకు వెళ్ళింది. నేనూ వెంట వెళ్ళాను. ఒక్క అరగంట కరెంటు పోకుండా ఉంటుందా అని అక్కడున్న లైన్‌మన్‌ను అడిగింది. అతను కాసేపు ఆలోచించి, నాకెట్ల తెలుస్తదమ్మా, పైనుంచి తీస్తే పోతది అన్నాడు. నాకు నీరసం వచ్చింది. ఆమె మాత్రం సంతోషంగా నడిచింది. సాఫ్‌గా చెప్పిండు చూడు అని దారిపొడుగునా అతన్ని మెచ్చుకుంది. ఆ మెచ్చుకోలు నాకు అప్పుడు తలకెక్కలేదు.

ప్రెస్సుకు రాగానే, వోల్టేజీ ఊగకుండా ట్రెడిల్ మోటారు ఆపమని నర్సింహకు చెప్పి, కిటికీ ఊచ ముట్టుకుని, ఫ్లాపీ పెట్టింది. స్క్రీన్ మీద ఒక తెల్లటి గీత మెల్లగా సాగింది. మధ్యలో ఒకచోట ఆగింది. సేటు గోడవైపు తిరిగి నిలబడ్డాడు. మళ్ళీ కదిలి చివరిదాకా పోయింది. ఆపి మళ్ళీ వేస్తే కంప్యూటర్ లేచింది. తారీఖు సరిగ్గా రెండు వేలకు మారింది. నేను కంపోజింగ్ తెరిచి చూశాను, తెలుగు వచ్చింది. సేటు జిలేబీ తెప్పించాడు.

జిలేబీ తిని ఎవరి పనుల్లో వాళ్ళు పడ్డాం. నేను చైత్రమాసం కంపోజ్ చేస్తున్నాను. ఉన్నట్టుండి అక్షరాలన్నీ చెదిరి చుక్కలైపోయాయి.

అక్కడి నుంచి మా అయోమయం మొదలైంది. కొత్త రాత తెలుగు కార్డుకు పడలేదని ఆపా అనుకుంది. మళ్ళీ ట్రెడిల్ ఆపించి పాత రాతను ఎక్కించింది. తెలుగు వచ్చింది. అయితే అదేనన్నమాట అనుకున్నాం. కాసేపటికి తెలుగు పోయింది. మళ్ళీ కొత్తది. వచ్చింది, పోయింది. ఏది ఎక్కించినా మొదట పనిచేస్తుంది, ఏది ఎక్కించినా తర్వాత పనిచేయదు. ఒక్కోసారి ఏమీ చేయకుండానే పోయిన తెలుగు తిరిగొచ్చేది. నేను వచ్చినంతసేపు గబగబా కంపోజ్ చేసి దాచుకునేదాన్ని. క్యాలెండర్ల గడువు దగ్గర పడుతోంది. షాపులవాళ్ళు మనుషుల్ని పంపుతున్నారు. సేల్స్‌మన్ వచ్చి, నేను ముందే చెప్పాను కదా సార్ అన్నాడు. ఆడమనిషి చేతికి ఇచ్చినందుకే ఇలా అయిందని కూడా అన్నాడు. ఆమె అక్కడే ఉంది. విని తలెత్తలేదు. ఆ మూత తీసిన డబ్బాలోకే చూస్తూ ఉంది.

ఆ వారమంతా రోజూ వచ్చింది. అన్నం డబ్బా తెచ్చుకునేది గాని మూత తీసేది కాదు. నాకు ఆమెను చూస్తే జాలి, కోపం రెండూ కలిగేవి. ఈ పని పోతే నేను మా ఊరు రామన్నపేటలో ఇంట్లో కూర్చోవాలి. అది మనసులో ఉండి ఒకరోజు కాస్త గట్టిగానే అడిగాను, నీకు తెలుస్తుందా లేదా ఆపా అని. ఆమె నొచ్చుకోలేదు. తెలియట్లేదు చెల్లె, తెలిసేదాకా కూర్చుంటానంది.

అదే వారంలో నర్సింహ తన చెల్లెలి పెళ్ళి చూపులకని ఒకరోజు సెలవు పెట్టాడు. ఆ రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా తెలుగు ఒక్కసారి కూడా పోలేదు. మూడు నెలల తిథులు కంపోజ్ చేసేశాను. తగ్గిపోయినట్టుందని అందరం అనుకున్నాం. ఆపా మాత్రం ఇంకా దిగులు పడింది. చెడిపోతే ఎందుకు చెడిందో వెతకొచ్చు, ఊరికే బాగైతే ఎక్కడ వెతకాలి అంది.

మర్నాడు నర్సింహ వచ్చి ట్రెడిల్ తిప్పాడు. దడ్ దడ్‌మని నాలుగు కాగితాలు పడ్డాయో లేదో నా ముందు అక్షరాలు చెదిరిపోయాయి. ఆపా కళ్ళు మూసుకుని కూర్చుని ఉంది. కళ్ళు తెరిచి నర్సింహను ఆపమంది. తర్వాత తిప్పమంది. మళ్ళీ ఆపమంది. అప్పుడు తన అరచేతిని నా బల్ల మీద ఆనించి ఉంచి, ఇంకోసారి తిప్పించింది. బల్ల సన్నగా అదురుతోంది. నేను ఏళ్ళ తరబడి ఆ బల్ల మీదే చేతులు పెట్టుకుని పనిచేశాను, ఆ అదురు నాకు అసలు తెలియనే లేదు.

మూత తీసింది. తెలుగు కార్డు ఒక పక్కకు కాస్త లేచి ఉంది. కార్డును డబ్బాకు బిగించే చోట స్క్రూ లేదు. ఆమె కళ్ళజోడు డబ్బా తెరిచి బల్ల మీద బోర్లించింది. స్క్రూడ్రైవర్ల మధ్యలోంచి చిన్న స్క్రూ ఒకటి దొర్లుకుంటూ వచ్చింది. నంబరు చూడ్డానికి కార్డు ఊడదీసిన రోజు అందులో వేసి మరిచిపోయింది. రాత ఎక్కించేటప్పుడల్లా ట్రెడిల్ ఆపించింది కాబట్టి ఆ కాసేపు తెలుగు వచ్చేది. ట్రెడిల్ మొదలుపెట్టగానే కార్డు అదిరి తెలుగు పోయేది. బయోస్‌కూ తెలుగుకూ ఏ సంబంధమూ లేదు.

నర్సింహ అవతల ట్రెడిల్ దగ్గరే ఉన్నాడు, ఆ స్క్రూను చూసింది నేనూ ఆమే. ఆ స్క్రూ బిగించేసి, ఇప్పుడు బాగైందని చెబితే సరిపోయేది. నేను కూడా ఎవరికీ చెప్పేదాన్ని కాదు. ఆమె స్క్రూను అరచేతిలో పెట్టుకుని ముందు గదిలోకి వెళ్ళింది. అక్కడ సేటు దగ్గర సేల్స్‌మన్ కూర్చుని ఉన్నాడు.

"తప్పు నాదే సేటు" అంది. "గీ స్క్రూ పెట్టుడు మర్చిపోయిన. కంప్యూటర్‌ది ఏం తప్పు లేదు."

సేటు ఆ స్క్రూ వైపు చాలాసేపు చూశాడు. తర్వాత ఆయనకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. ఇన్ని రోజులు నా ప్రాణం తోడేశావు కదమ్మా అన్నాడు. ఇక ఈ గడప తొక్కవద్దన్నాడు. సేల్స్‌మన్ నవ్వు ఆపుకోవడానికి గ్లాసెత్తి నీళ్ళు తాగాడు. ఆమె లోపలికి వచ్చి స్క్రూ బిగించి, ట్రెడిల్ తిప్పించి చూసి, బురఖా వేసుకుని వెళ్ళిపోయింది. బల్ల కాళ్ళ కింద గోనెపట్టా మడిచి పెట్టమని నర్సింహకు చెప్పడం మాత్రం మరవలేదు.

క్యాలెండర్లు అందరికీ సమయానికే అందాయి. ఆ డబ్బు చేతికి రాగానే సేటు తెలుగు కార్డు మాత్రం ఉంచుకుని, పాత డబ్బాను మార్పిడికి ఇచ్చి, ఆ సేల్స్‌మన్ దగ్గరే కొత్త కంప్యూటర్ కొన్నాడు. తెలుగు కార్డు దీనికి సరిపోతుందా అని అడిగితే, పక్కా సార్, అన్నిటికీ సరిపోతుంది అన్నాడట. తీరా తెచ్చి మూత తీస్తే ఆ కార్డు దూరే జాగానే లేదు. సేటు రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున నన్ను పిలిచి, గడియారం దగ్గరికి పోయి ఆపాకు కబురు చెప్పి రమ్మన్నాడు. ఆమె వస్తుందా అని నాకు అనుమానమే. వచ్చింది. ఏమీ జరగనట్టే బురఖా మేకుకు తగిలించింది.

లోపలి బోర్డు ఒక్కటి మారిస్తే చాలునంది. సేటు నన్ను కూడా తోడిచ్చి ఆమెను హైదరాబాద్ పంపాడు. తెలుగు కార్డును మెత్తటి నూలు గుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని వచ్చింది. షాపులో ప్రతివాడూ సరిపోతుంది తీసుకెళ్ళండి అన్నాడు. ఆమె గుడ్డ విప్పి, పెట్టి చూపించమనేది. ఒకచోట కార్డు దూరింది గాని తెలుగు రాలేదు. ఇంకోచోట కంప్యూటరే లేవలేదు. ఒకతను విసుక్కుని వెళ్ళిపొమ్మన్నాడు. మధ్యాహ్నం తిండి లేదు, నా కాళ్ళు పీకుతున్నాయి. చివరికి ఒక ముసలాయన, నాకైతే తెలియదమ్మా, పెట్టి చూద్దాం అన్నాడు. అతని పాత బోర్డు మీద తెలుగు వచ్చింది. పాత బోర్డు కదా, ఆమె దాంట్లో కూడా తారీఖును రెండు వేలకు దాటించి చూసుకునే కొన్నది.

ఆ బోర్డు మా ప్రెస్సు మూతపడేదాకా పనిచేసింది. జనవరి ఒకటిన మా ఊళ్ళో ఏ కంప్యూటరూ ఆగిపోలేదు. ఇన్ని నెలలు ఎందుకు భయపడ్డామో ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత నాకు పెళ్ళయి హుజూర్‌నగర్ వచ్చేశాను. ఆమెను మళ్ళీ చూడలేదు. ఇప్పుడు ఆమె లేదని విన్నాక నా కళ్ళ ముందు కదిలేది మాత్రం ఆ రోజు హైదరాబాద్ నుంచి తిరుగు ప్రయాణమే.

సీటు దొరికింది. బోర్డు డబ్బా ఆమె ఒళ్ళో ఉంది. చౌటుప్పల్ దాటాక, మనసులో ఉన్నది ఆగలేక అడిగాను. తెలియదని అందరి ముందు అంటావు, సిగ్గనిపించదా ఆపా అన్నాను. అడిగాక నాలిక కరుచుకున్నాను.

ఆమె కిటికీలోంచి చూస్తూ చెప్పింది.

"మా అబ్బాకు, అంటె మా నాయినకు, కడుపుల నొప్పి లేశింది. మా ఊళ్ల ఒక డాక్టరు ఉండె. చెయ్యి పట్టి చూసి, గ్యాసు, ఏం ఫికర్ లేదు, పక్కా అన్నడు. మేము ఖుషీగ ఇంటికి తీస్కపోయి పండవెట్టినం. నాలుగో దినం పోయిండు." ఒళ్ళోని డబ్బాను సర్దుకుంది. "నాకు సమజ్ కాలె అని ఒక్క మాట అన్నుంటె, ఎట్లనన్న చేసి హైదరాబాద్ తీస్కపోతుంటిమి గద చెల్లె."

చిట్యాల వచ్చింది. బస్సు ఆగితే శనక్కాయలు కొని ఆమె చేతిలో సగం పోశాను. ఆమె తినలేదు, పట్టుకుని కూర్చుంది. ఆ డాక్టరు మీద నీకు కోపం లేదా అన్నాను.

ఆమె నిజంగానే ఆలోచిస్తోంది. అంత కాలమైనా ఆ సంగతి ఆమెలో ఇంకా తేలలేదని నాకు అనిపించింది. బస్సు నార్కట్‌పల్లి దగ్గర పెద్ద రోడ్డు వదిలి నల్లగొండ వైపు మళ్ళింది.

"ఆయనకు తెల్వదని ఆయనకే తెల్వకపాయె" అంది. "కోపానికి వస్తె ఎవ్వరి మీద రావాలె?"

అక్కడి నుంచి రోడ్డు బాగా లేదు. గుంత వచ్చినప్పుడల్లా ఆమె రెండు చేతులతో డబ్బాను కొంచెం పైకెత్తి పట్టుకుంది. చేతిలోని శనక్కాయలు ఎప్పుడు నా ఒళ్ళో పోసిందో నేను చూసుకోలేదు.